గేటు బయటి నుంచి చూసిన సినిమాలు

డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఆ మధ్య ఒక తెల్లకాగితం నా ముందు పెట్టి, 'నాన్నా, నీకు అన్నిటికన్నా ఇష్టమైన పది సినిమాలు రాయి' అని అడిగింది. సినిమా పిచ్చి ఉన్నవాడికి ఇంతకంటే సంతోషకరమైన పని మరొకటి ఉండదు. పావుగంటలో రాసి ఇచ్చాను. మాయాబజార్, లవకుశ, శంకరాభరణం, ఖైదీ, సాగర సంగమం, స్వయంకృషి, రుద్రవీణ, గీతాంజలి, శివ, గ్యాంగ్ లీడర్. ఆమె పైనుంచి కిందికి చదివింది. పెన్ను కొస కొరుకుతూ మళ్లీ ఒకసారి చదివింది. 'వీటిల్ల మనోళ్లు ఎక్కడున్నరు నాన్నా?' అంది.

ఆమె నన్ను నిలదీయడానికి అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. కానీ ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు తెలుగు పాఠాలు చెబుతూ, ప్రతి పద్యంలోనూ 'ఇది ఎవరి గొంతు?' అని అడిగే నేను, నా జీవితమంతా ప్రేమించిన సినిమాలను ఒక్కసారి కూడా ఆ ప్రశ్న అడగలేదని అప్పుడు అర్థమైంది. ఇష్టానికి కులం ఉంటుందా అని అడిగేవారు ఉంటారు. ఇష్టపడేవాడు ఎక్కడ కూర్చుని చూశాడన్నది మాత్రం తప్పకుండా ఉంటుంది. అందుకే ముందు నేను కూర్చున్న చోటు గురించి చెప్పాలి.

మాది టేకుమట్ల. నేడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో మండల కేంద్రం. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడక ముందు వరంగల్ జిల్లా చిట్యాల మండలంలో ఒక ఊరు. మా బాపు చెప్పులు కుట్టేవాడు, మోట బొక్కెనలకు తోలు పని చేసేవాడు, చావుకూ పెండ్లికీ డప్పు కొట్టేవాడు. మా చిన్నతనంలో పెద్ద తెర చూడాలంటే పరకాల వెళ్లాలి. ఊళ్లోకి సినిమా వచ్చేది వినాయక చవితి నవరాత్రులకే. టీవీ, వీసీఆర్, నాలుగైదు క్యాసెట్లు కిరాయికి తెచ్చి ఒక పెద్దింటి వాకిట్లో పెట్టేవారు. రాత్రికి మూడు సినిమాలు, తెల్లవారేదాకా.

ఆ వాకిట్లో ఎవరి చోటు వారికి ఉండేది. అరుగుల మీద ఇంటివాళ్లు, వాళ్ల చుట్టాలు. కింద చాపల మీద కాపువాడ వాళ్లు, ఆ వెనుక గౌండ్లవాళ్లు, సాలెవాళ్లు, గొల్లలు. ఇనుప గేటు బయట మేము. పొమ్మని ఎవరూ అనలేదు. రమ్మనీ ఎవరూ అనలేదు. టీవీ అరుగు వైపు తిప్పి ఉండేది కాబట్టి గేటు దగ్గరికి బొమ్మ వాలుగా, సగం వెలిసిపోయినట్టు కనిపించేది. మాటలు సరిగా వినిపించేవి కావు. లోపల జనం నవ్వితే మేమూ నవ్వేవాళ్లం, ఒక క్షణం ఆలస్యంగా.

పదేళ్లు దాటాక మా చిన్నాయిన నన్ను పరకాల తీసుకుపోయి నేల టికెట్టు మీద 'ఖైదీ' చూపించాడు. అప్పటికి ఆ సినిమా వచ్చి ఏళ్లు దాటింది, మళ్లీ ఆడుతోంది. మొదటిసారి చిరంజీవి ముఖం నాకు ఎదురుగా, నిండుగా కనిపించింది. నా పక్కన కూర్చున్నది ఎవరో, ఏ కులమో నాకు తెలియదు, అతనికి నా సంగతీ తెలియదు. చీకట్లో ఇద్దరం ఒకే నేల మీద కూర్చుని ఒకేసారి ఈలలు వేశాం. హాలులో కూడా అంతస్తులు లేకపోలేదు. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ ఉన్నాయి. కానీ అవి డబ్బుతో కొనుక్కునేవి, పుట్టుకతో వచ్చేవి కావు. నేను సినిమా ప్రేమికుణ్ణి కావడానికి కారణం కథలు కాదు, ఆ చీకటి. ఈ మాట అమ్మాయికి చెప్పాను. 'అయితే ఖైదీ ఉండనీ' అంది పెద్ద మనసుతో.

మాయాబజార్ కూడా ఉంటుంది. దాని గురించి కె.వి.రెడ్డి ప్రతిభ, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం అంటూ ఎందరో రాశారు. మా వాడ పిల్లలకు ఆ సినిమా అంటే ఘటోత్కచుడే. ఊళ్లో పెండ్లి జరిగితే డప్పు కొట్టేది మావాళ్లు, ఎంగిలి విస్తళ్లు ఎత్తేది మావాళ్లు, అందరూ లేచాక దొడ్డివాకిలి దగ్గర గిన్నెలు పట్టుకుని నిలబడేదీ మావాళ్లే. అలాంటి పిల్లలకు, మగపెళ్లివారి కోసం వండిన విందునంతా వాళ్లకంటే ముందే ఒక రాక్షసుడు కూర్చుని తినేయడం ఎంత ఆనందమో ఊహించండి! ఎస్వీ రంగారావు లడ్డూలు మింగుతుంటే గేటు బయట మేం వేసిన కేకలకు లోపలివాళ్లు తిరిగి చూసేవారు. ఆ సినిమాలో మనవాళ్లు ఎక్కడున్నారంటే, అదిగో, అక్కడున్నారని అమ్మాయికి చూపించాను. ఆమెకు నచ్చింది.

లవకుశ మా అవ్వ కోసం పెట్టిన సినిమా. 1963లో వచ్చిన తొలి పూర్తి రంగుల తెలుగు చిత్రం. దాన్ని చూడటానికి జనం బండ్లు కట్టుకుని పోయారు. మావాళ్లు బండ్ల వెనుక నడిచిపోయారు. రేలంగి, గిరిజ చాకలి దంపతులుగా నటించారు. ఆ భర్త అన్న మాటే కదా సీతను అడవికి పంపింది. అవ్వ ఇప్పటికీ ఆ సన్నివేశం దగ్గర ఒక మాట అంటుంది: 'సీతమ్మను తోలెయ్యమంటే చాకలాయన మాట రాజు ఇన్నడు. ఇంకేదన్న అడిగితె ఇనునా?' చదువు లేని మనిషి మాట అది. నా దగ్గరున్న సినిమా విమర్శ పుస్తకాల్లో ఇంత సూటి వాక్యం నాకు దొరకలేదు.

ఇక స్వయంకృషి. 1987లో కె.విశ్వనాథ్ తీశారు. అప్పటికే తెలుగునాట అతి పెద్ద తార అయిన చిరంజీవి చెప్పులు కుట్టే సాంబయ్యగా నటించారు. మరుసటి చవితికి ఆ క్యాసెట్ మా ఊరికి వచ్చింది. మా బాపు ఎన్నడూ వీడియో చూడటానికి వచ్చేవాడు కాదు. ఆ రాత్రి ఎవరో చెప్పగా వచ్చాడు. గేటు ఊచలు పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా నిలబడి చూశాడు. పక్కవాళ్లు సాంబయ్య మంచితనం గురించి మాట్లాడుకుంటుంటే బాపు చూపు మాత్రం చేతుల మీద ఉంది. ఇంటికి వచ్చేటప్పుడు, 'ఆరె పట్టుడు మంచిగనే నేర్సుకున్నడు' అన్నాడు. కొంతదూరం నడిచాక, 'గని లంద కాడ ఒక్కనాడన్న కూసున్నట్టు లేదు ఆయన. ఆ వాసన ఏదీ?' అన్నాడు.

లంద అంటే పచ్చితోలును తంగేడు చెక్క వేసి నానబెట్టే తొట్టి. ఆ వాసన వల్లనే మా వాడ ఊరికి ఒక కొసన ఉంటుంది. ఆ వాసన వల్లనే బడిలో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. సాంబయ్య కష్టజీవి, నిజాయితీపరుడు, చివరికి పెద్ద చెప్పుల దుకాణం యజమాని. కానీ అతని కులం పేరు సినిమా పలకదు. చెప్పులు కుట్టడం అతనికి వృత్తి మాత్రమే. పని గౌరవప్రదమైనదని సినిమా చెబుతుంది, అది మంచి మాటే. ఆ పని చేసేవారిని ఊరు ఏమని పిలుస్తుందో మాత్రం చెప్పదు. వాసన లేని తోలు అది.

అయినా నా పట్టికలోంచి దాన్ని తీసేయలేదు. కారణం ఒకటే. మరునాడు పొద్దున మా బాపు, నాకు తెలిసి మొదటిసారి, తన పనిముట్ల సంచీని ఇంటి వెనుక కాకుండా ఇంటి ముందు వాకిట్లో విప్పి కూర్చున్నాడు. సినిమా చేయగలిగింది అంతే కావచ్చు, కానీ అంత చేసింది.

ఇక్కడ కొంత చరిత్ర చెప్పుకోవాలి. తెలుగు సినిమా మొదటి నుంచీ కులం పేరు పలకడానికి వెనుకాడిందని అనలేం. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' అని పేరు పెట్టి మరీ సినిమా తీశారు. కథ చలానిది, నాయిక కాంచనమాల, తీసింది చల్లపల్లి జమీందారు అండతో నడిచిన సారథి సంస్థ. ఆ ధైర్యానికి నమస్కరించవలసిందే. అయితే ఆ సినిమా ఒక దారి వేసింది. దళితులకు కథలోకి ప్రవేశం అగ్రకుల యువకుడి ప్రేమ ద్వారా దొరుకుతుంది. పెద్దాయన మనసు మారడానికి దళితుడొకడు ఆయన ఇంటి మనిషిని మంటల్లోంచి కాపాడాలి. అంటే మనిషిగా గుర్తింపు పొందడానికి ముందు ప్రాణాలకు తెగించి అర్హత నిరూపించుకోవాలి.

ఆ తరువాత ఎన్ని సినిమాలు ఆ దారిలోనే నడిచాయో లెక్క వేయండి. రంగనాయకమ్మ నవల ఆధారంగా దాసరి తీసిన 'బలిపీఠం'. విశ్వనాథ్ 'సప్తపది', అందులో వేణువు ఊదే హరిబాబు. బాలచందర్ 'రుద్రవీణ'. ఈ మధ్య 2021లో శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ', అదే ఏడాది కరుణ కుమార్ 'శ్రీదేవి సోడా సెంటర్'. వీటిలో కొన్ని నాకెంతో ఇష్టం. లవ్ స్టోరీలో ఆర్మూరు కుర్రవాడు రేవంత్‌కు తల్లి చిన్నతనంలోనే కులం అంటే ఏమిటో నేర్పుతుంది. ఆ తల్లిని మా అవ్వ పక్కన కూర్చోబెట్టవచ్చు. శ్రీదేవి సోడా సెంటర్‌లో కూతురు కన్నతండ్రి చేతిలో చనిపోతుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడ ఆసుపత్రి బయట, గర్భవతి అయిన భార్య పక్కనే భర్తను నరికి చంపిన ఊరి ప్రజలం మనం. ఆ ముగింపు అతిశయోక్తి అని ఎవరంటారు?

నా అభ్యంతరం వేరు. ఎనభై మూడేళ్ల పాటు మేము తెర మీదికి రావడానికి పై కులం వారితో ప్రేమలో పడటమే దారి అయింది. మా వాడ అబ్బాయి మా వాడ అమ్మాయిని ప్రేమిస్తే కథ కాదా? వాళ్ల మధ్య అలకలుండవా, అసూయలుండవా, అప్పులుండవా? ఈ విషయంలో మళ్లీ స్వయంకృషికే ఓటు వేస్తాను. అందులో సాంబయ్య పక్కన గంగ ఉంది. 'పలాస 1978' కూడా ఈ దారి తప్పించుకుంది. జానపద కళాకారులైన ఇద్దరు అన్నదమ్ముల కథ అది. ఊరి రాజకీయం వాళ్లను వాడుకునే తీరు చుట్టూ తిరుగుతుంది. 2020 మార్చి మొదటి వారంలో విడుదలైంది. రెండు వారాలు గడిచేసరికి కరోనా వచ్చి హాళ్లు మూతపడ్డాయి. హనుమకొండలో ఆ హాలులో మేము పదిహేను మందిమి ఉన్నాం. పట్టికలో దాన్ని చేర్చాను. గ్యాంగ్ లీడర్‌కు వీడ్కోలు చెప్పాను, కొంచెం బాధతోనే.

రుద్రవీణ దగ్గర అమ్మాయికీ నాకూ పెద్ద వాదన జరిగింది. సంగీత విద్వాంసుడి కొడుకు సూర్యం దళిత యువతి లలితను ప్రేమిస్తాడు, ఊరి కోసం తన పెళ్లినే త్యాగం చేయాల్సి వస్తుంది. ఇళయరాజా సంగీతం, బాలు గొంతు. ఆ పాటలు లేకుండా నా యవ్వనం లేదు. 'త్యాగం ఆయనది, ఎదురుచూపులు ఆమెవి. ఆమెను ఎవరన్న అడిగిన్రా?' అంది అమ్మాయి. నా దగ్గర జవాబు లేదు. 1988 సంవత్సరానికి జాతీయ సమైక్యత సినిమాగా ఆ చిత్రానికి నర్గీస్ దత్ పురస్కారం వచ్చింది. అదే ఏడాది పురస్కారాల్లో మరో తెలుగు సినిమా ఐదు అవార్డులు తెచ్చుకుంది. అది బి.నర్సింగరావు 'దాసి'. కమలాక్షిగా నటించిన అర్చన ఉత్తమ నటి. తోట వైకుంఠంకు కళా దర్శకత్వానికి వచ్చింది. ఒకే ఏడాది, ఒకే భాష, కులం గురించి రెండు సినిమాలు. ఒకటి నాకు కంఠతా వచ్చు. రెండోది నా మొదటి పట్టికలో లేనే లేదు.

లేకపోవడానికి కారణం మరచిపోవడం కాదు. దాసిని చూసిన రోజు నాకు బాగా గుర్తుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం, పంచాయతీ ఆఫీసు టీవీలో, దూరదర్శన్‌లో. పాటలు లేవు, ఫైట్లు లేవు. కుర్రాళ్లు ఒక్కొక్కరే లేచిపోయారు. నేనూ లేవబోతే మా నాయినమ్మ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. గడీలో దొర, దొరసాని, పెళ్లికూతురుతోపాటు అరణంగా వచ్చిన ఆడబాప కమలాక్షి. ఆమె శరీరం మీద కూడా ఆమెకు హక్కు లేదు. నాయినమ్మ రెప్ప వేయకుండా చూసింది. అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, 'ఇన్నేండ్లు గడి ముంగట ఊడ్సిన. లోపట గిట్లుంటదని ఇయ్యాల సూసిన' అంది.

ఆ వాక్యం బరువు నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. గడీ లోపలి చాకిరికి మా వాడ ఆడవాళ్లు పనికిరారు. నీళ్లకుండ ముట్టుకోవాలి, వంటింట్లోకి వెళ్లాలి, పడకగది సర్దాలి. అందుకు అంటరానివాళ్లు కుదరదు. ఆడబాపలుగా వెళ్లినవారు అంటుకోదగిన కులాల పేదింటి పిల్లలు. మా నాయినమ్మకు దక్కింది దర్వాజ బయటి వెట్టి: ఊడ్చడం, పేడ ఎత్తడం, చచ్చిన గొడ్డును మోసుకుపోయే మగవాళ్లకు సాయం పట్టడం. తెలంగాణ సినిమాలో స్త్రీ అణచివేతకు పరాకాష్ఠ అని అందరం చెప్పుకొనే కమలాక్షి కూడా మా నాయినమ్మకు ఒక గడప అవతలి మనిషి. నర్సింగరావు సినిమాలో లోపం ఉందని దీని అర్థం కాదు. ఆయన గడీ లోపలికి తలుపు తెరిచారు. గడీ బయట ఊడ్చే మనిషి వైపు ఇంకొకరు కెమెరా తిప్పాలి. రుద్రవీణ స్థానంలో దాసి రాశాను. పాటలు మాత్రం ఎప్పట్లా వింటాను. అందుకు అమ్మాయి అనుమతి అక్కర్లేదు.

మిగతా మార్పులు త్వరగా చెబుతాను. శంకరాభరణం ఉంటుంది. సాగర సంగమం, శివ, గీతాంజలి వెళ్లిపోయాయి. వాటి స్థానంలో 'మాభూమి' వచ్చింది. జనగామ పల్లెల్లో దొడ్డి కొమురయ్య, చాకలి ఐలమ్మ నడిపిన చరిత్రకు తెర మీద అంతకంటే దగ్గరగా వచ్చిన సినిమా నేను చూడలేదు. గొంగడి కప్పుకుని గద్దర్ పాడిన బండి యాదగిరి పాట మా జిల్లాలో జాతీయగీతంతో సమానం. ఆ సినిమా, శంకరాభరణం 1980లో కొద్ది వారాల తేడాతో వచ్చాయి. రెండూ కలిపి చూస్తేనే ఆ కాలపు తెలుగు నేల అర్థమవుతుంది.

ఇంకా రెండు సినిమాలు ఉన్నాయి, రెండూ తెలుగువి కావు. శ్యామ్ బెనెగల్ 'అంకుర్' 1974లో వచ్చింది. హైదరాబాద్ పక్కనున్న యెల్లారెడ్డిగూడలో తీశారు. యువ భూస్వామి కిష్టయ్యను కొరడాతో కొట్టాక, చివర్లో ఒక చిన్న పిల్లవాడు దొర ఇంటి కిటికీ అద్దం మీదికి రాయి విసిరి పరుగెత్తుతాడు. నాగరాజ్ మంజులే మరాఠీ చిత్రం 'ఫ్యాన్డ్రీ' 2013లో వచ్చింది. కైకాడి కులపు పిల్లవాడు జబ్యా, ఊరంతా నవ్వుతుండగా పందిని పట్టవలసి వస్తుంది. చివర్లో జబ్యా కూడా రాయి విసురుతాడు. అది నేరుగా కెమెరా మీదికి, అంటే మన మీదికి వస్తుంది.

అంకుర్ చూసినప్పుడు చప్పట్లు కొట్టాను. ఆ అద్దం నాది కాదు. ఫ్యాన్డ్రీ చూసినప్పుడు కుర్చీలో వెనక్కి జరిగాను. ఎందుకో చెప్పాలి. కైకాడీలు మన ఎరుకలవారికి దగ్గరివారు. ఆ సినిమా చూడటానికి కొన్నేళ్ల ముందు, నా తరగతిలోనే ఒక ఎరుకల పిల్లవాడిని మిగతా పిల్లలు పందిలా అరిచి ఏడిపించారు. వాళ్లలో మా వాడ పిల్లలూ ఉన్నారు. నేను బోర్డు వైపు తిరిగి ఉన్నాను. విన్నాను. పాఠం ఆగకూడదనుకుని రాస్తూనే ఉన్నాను. వాడు తరువాతి వారం నుంచి బడికి రాలేదు. లంద వాసన పేరుతో బడిలో ఒంటరిగా కూర్చున్నవాణ్ణి నేను. ఆ రోజు గేటు లోపల ఉన్నానని జబ్యా రాయి తగిలేదాకా నాకు తెలియలేదు. అందుకే ఆ సినిమాను పట్టికలో అన్నిటికంటే పైన రాశాను. ఇష్టమైన సినిమా అంటే హాయిగా ఉన్న సినిమా అనే అనుకునేవాణ్ణి అంతకుముందు.

చివరిది వేణు యెల్దండి 'బలగం'. 2023 మార్చిలో విడుదలయ్యాక తెలంగాణ ఊళ్లలో తెరలు కట్టి జనమే దాన్ని ఆడించుకున్నారు. ఆ వేసవిలో మా వైపూ వేశారు. హనుమకొండ నుంచి అమ్మాయిని, అవ్వను తీసుకుని వెళ్లాను. పెద్దింటి వాకిలి కాదు, గేటు లేదు. బహిరంగ స్థలంలో పెద్ద తెర, ముందు పరిచిన పట్టాలు, ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పాట మొదలయ్యేసరికి జనం ఏడుస్తున్నారు. వాళ్లు దుగ్గొండి వైపు బుడగజంగాలు, ఊరూరా కథలు చెప్పి అడుక్కుని బతికిన కులం. తరతరాలుగా మన వాకిళ్లలో పాడినా వారి పేర్లు ఎవరూ అడగలేదు. ఆ సినిమా తరువాత రాష్ట్రమంతా వారిని పేరు పెట్టి పిలిచింది. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు.

ఆ రాత్రి సినిమా మధ్యలో మా చిన్నాయిన కొడుకు కోసం చూశాను. ముందు పట్టాల మీద బోలెడంత చోటు ఖాళీగా ఉంది. వాడు, వాడి భార్య, మా వాడవాళ్లు మరో పదిమంది చిట్టచివర, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, ఒక వారగా కూర్చుని ఉన్నారు. దగ్గరికి వెళ్లి, 'ముందట జాగ ఉన్నది కదరా, గీడ కూసున్నరేంది?' అని అడిగాను.

'ఈడ గాలి మంచిగ వత్తందన్నా' అన్నాడు.

నేనూ వాడి పక్కన కూర్చున్నాను. అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. అక్కడి నుంచి తెర కొంచెం వాలుగా కనిపిస్తోంది.